అతిథులు నడచిన బాట

మదనపల్లెలోని చిరకాల మిత్రులొకరు రాత్రి భోజనమునకు రమ్మని కబురు పంపిరి. తిరుపతి నుండి అది సుమారు 120 కిలోమీటర్ల దూరము. మోటారులో మూడు గంటలు చాలును. అయినను మేము తెల్లవారగనే బయలుదేరితిమి. ఈ బాటను ఎన్ని తడవలు పోయినను, ఒక్కనాడైన దిగి చూచిన పాపమున పోలేదు. గమ్యమునకు తొందరపడువానికి దారి కనబడదు కదా! ఈసారి దారినే చూతమని మేము నలుగురము నిశ్చయించుకొంటిమి.

గోవిందరాజస్వామివారి గాలిగోపురమును వెనుక విడిచి సుమారు 12 కిలోమీటర్లు పోగా చంద్రగిరి. నిటారుగా లేచిన రాతికొండ, దాని పాదమున కోట, కోటలో రాజమహలు, రాణిమహలు. సాళువ నరసింహుడు ఈ కోటయే అండగా బలపడి 1485లో విజయనగర సింహాసనము నధిష్ఠించెను. 1565లో తళ్ళికోట యుద్ధముతో విజయనగరము పాడుపడగా, రాజధాని పెనుగొండకు, అటుపిమ్మట రెండవ వేంకటపతిరాయల కాలమున (1586-1614) ఈ చంద్రగిరికి తరలివచ్చెను. మూడంతస్తుల రాజమహలును రాయి, ఇటుక, సున్నములతోనే లేపిరి, కలప వాడలేదు. నేడందులో పురావస్తు ప్రదర్శనశాల యున్నది.

తిరుమలలో స్వామివారికి నైవేద్యమైన పిమ్మట కొండదారి పొడుగునను ఘంటలు ఒకదాని వెనుక నొకటి మ్రోగెడివట. కడపటి ఘంట చంద్రగిరిలో వినబడిన తరువాతనే రాయలు భోజనమునకు కూర్చుండెడివారని ప్రతీతి. ఆ ఘంటామండపములను నేటికిని చూపుదురు. దేవుని విస్తరి ముగియనిదే తన విస్తరి వేయరాదనుకొన్న ప్రభువు ఇంటికి అతిథులు రాకుందురా? 1598లో జెసూట్ పాదరులు వచ్చిరి. రాయలు వారి నాదరించెను. ఆ తరువాత మరికొందరు వచ్చిరి.

1639 ఆగస్టులో చంద్రగిరి ప్రభువుల సామంతుడగు దామెర్ల వేంకటాద్రి నాయకుడు సముద్రతీరమున నొక ఇసుకదిబ్బను ఇంగ్లీషు వర్తకుడు ఫ్రాన్సిస్ డేకు కోట కట్టుకొనుటకై యిచ్చెను. ఆ దిబ్బయే మదరాసు. ఆ శాసనము రాజమహలులోనే పుట్టినదని స్థానికులు చెప్పుదురు. ఇచ్చినవాడు వర్తకము పెరుగుననుకొనెను. పుచ్చుకొన్నవాడు బట్టలు చవుకగా దొరకుననుకొనెను. కొద్ది యేండ్లకే గోలకొండ సేనలు వచ్చి రాయల ప్రభుత్వమును రూపుమాపినవి. కాని అతిథిగా వచ్చిన కుంఫిణీ మాత్రము కదలలేదు. 1801 నాటికి, మేమీ యుదయమున పట్టిన బాట పొడుగునను దానిదే పెత్తనము. ఇల్లు చూడవచ్చినవాడు ఇంటి తాళపుచెవి పుచ్చుకొనెను.

చంద్రగిరి నుండి ఉత్తరమునకు మరలి శ్రీనివాసమంగాపురము వద్ద పీలేరు బాట నందుకొంటిమి. అచ్చటినుండి శేషాచలపు అడవి కమ్ముకొనుచు వచ్చును. భాకరాపేట కనుమలో మలుపులు మెండు. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. కనుమ దాటిన పిమ్మట మా బండి చక్రమొకటి గాలి విడిచెను. బాట ప్రక్కన చింతచెట్టు క్రింద పంచర్లు వేయు పెద్దమనిషి యొకడు పరుగున వచ్చి, “ఎండలో యేల సామీ, ఈ నీడకు రాండి” అని మంచము వాల్చి, కడవలోని నీళ్ళు ముంచి యిచ్చెను. చక్రము బాగుచేసినందులకు తన కూలి తాను పుచ్చుకొనెను. నీడకును, నీళ్ళకును మేము చెప్పబోయిన వందనములను మాత్రము పుచ్చుకొనలేదు. “దానికేముండాది సామీ” అని తన పనిలో పడెను.

పీలేరులో ఎంగిలిపడి, వాయల్పాడు చేరునప్పటికి మధ్యాహ్నము తిరిగెను. వాల్మీకిపురమని దీనికి మరియొక పేరు. పట్టాభిరామస్వామివారిని దర్శించి, చల్లని మండపమున కొంతసేపు కూర్చుంటిమి. ఈ యూరికి సమీపముననే తరిగొండ. 1730లో అచ్చట పుట్టిన వెంగమాంబ మేము వచ్చిన దిక్కునకు ఎదురుగా, తిరుమలకు నడచిన ప్రయాణికురాలు.

బాల్యముననే భర్తను పోగొట్టుకొన్న ఆమెకు నాటి సంఘము విధించినది మూల గది, బోడితల. ఆమె రెంటిని ఒప్పుకొనలేదు. పుట్టినయూరు విడిచి కొండకు చేరి, వేంకటాచల మాహాత్మ్యమును, ద్విపద భాగవతమును, యక్షగానములను రచించెను. గుర్రంకొండ దుర్గము కడప నవాబుల చేతినుండి మరాఠుల చేతికి, మైసూరు హైదరు చేతికి మారుచున్న రోజులవి. సేనలు నడచిన సీమలో ఒంటరి స్త్రీ ఒక తాళపత్రపు కట్టతో నిలబడినది. కొండకు వచ్చిన యాత్రికులకు ఆమె అన్నము పెట్టించెడిదని పెద్దలు చెప్పుదురు. 1817లో ఆమె కీర్తిశేషురాలయ్యెను. ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. 2011లో తిరుమలలో తెరచిన పెద్ద అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. తన యింట చోటులేక వచ్చిన యామె పేరిట నేడు వేలమంది పంక్తిలో కూర్చుండి భుజించుచున్నారు.

వాయల్పాడు దాటిన పిమ్మట గాలి మారును. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. టమాటా బండ్ల వరుసలు దాటి మేము ముందుగా పోయినది మిత్రుల యింటికి కాదు, 1915లో వెలసిన బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు.

1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ పర్యటనలో అలసిన రవీంద్రనాథ ఠాగూరు ఇచ్చటికి విశ్రాంతికై వచ్చెను. ఆతిథ్యమిచ్చినవారు కళాశాలాధ్యక్షుడు, ఐర్లండు కవి జేమ్స్ కజిన్సు, ఆయన భార్య మార్గరెట్టు. ఆ దంపతులు 1915లో ఈ దేశమునకు వచ్చినవారు. ఆమె సంగీతమున పట్టభద్రురాలు. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని తన దేశమున పోరాడి చెరసాలకు పోయిన ధీర. ఒక సాయంకాలము విద్యార్థుల పాటల కూటమిలో గురుదేవుడు తన బెంగాలీ గీతమొకటి పాడెను. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో తొలిసారి వినబడిన ‘జనగణమన’ అది. పిల్లలు వెంటనే పల్లవి నందుకొనిరి. ఫిబ్రవరి 28న ఆయన దానిని స్వహస్తముతో ఇంగ్లీషులోనికి అనువదించి ఇచ్చెను. రాగము ఆయనదే, దాని నెల్లరును ఒక్కరీతిగ పాడుకొనుటకు వీలుగ స్వరలిపిలో నిలిపినది మార్గరెట్టు. కళాశాల ఆ పాటను తనదిగ చేసికొనెను.

కాలమును కూడ తలచవలెను. మరుసటి నెలలోనే రౌలట్ చట్టము, ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగు, మే నెలాఖరున ‘సర్’ బిరుదమును త్యజించుచు ఠాగూరు వ్రాసిన లేఖ. ఆ పెనుగాలికి ముందు దొరకిన కొద్దినాళ్ళ ప్రశాంతి మదనపల్లెది. ఒకే పాలకద్వీపుల సమూహమునుండి ఒకడు కోటకై చోటడిగి వచ్చెను. మరొక యింటివారు మనవానికి చోటిచ్చి పాటను దాచిరి. ఆ పాటయే 1950 జనవరి 24న జాతీయగీతమయ్యెను.

దీపాలవేళకు మిత్రుల గుమ్మము తొక్కితిమి. “ఏమన్నా, పొద్దున బయలుదేరి ఇప్పుడా వచ్చేది?” అని ఆయన నవ్వెను. లోపలినుండి ఇల్లాలు, “సంగటి ఆరిపోతా ఉండాది, కాళ్ళు కడుక్కోని రాండి” అని పిలిచెను. ఊరిబిండితో సంగటి తినుచు, మేము చూచినవన్నియు చెప్పితిమి. ఆ కళాశాలలోనే పాఠములు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న మా మిత్రుడు అంతయు విని, “రాజమహలును చూచుటకు టిక్కెట్టు కొంటిరి గదా, చింతచెట్టు నీడకు ఎంత యిచ్చితిరి?” అనెను. మాకు బదులు తోచలేదు.

మరునాటి యుదయము బయలుదేరు వేళ, వీథి చివర బడిలో పిల్లలు జనగణమన యెత్తుకొనిరి. బండి తలుపు తెరచి పట్టుకొనియున్న మేము అట్లే నిలిచిపోతిమి. మిత్రుడు గుమ్మములో, ఇల్లాలు చేతిలో దారిబత్తెపు మూటతో అరుగుమీద నిలిచిరి. పాట ముగిసిన పిమ్మట ఆమె ఆ మూటను మా చేత పెట్టి, “మళ్ళా ఎప్పుడొస్తారు?” అని అడిగెను.