చిరివేరు

చిరివేరు కోరమండల తీరపు ఇసుక నేలలలో స్వయముగా మొలచు చిన్న గుల్మము. దీని శాస్త్రనామము ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. సన్నని ఆకుల నడుమ నాలుగేసి రేకులు గల తెల్లని పూవులు గుత్తులుగా విచ్చును. ఆ పూవును చూచిన వారెవరును ఈ మొక్కయందు ఎరుపు కలదని ఊహింపజాలరు. రంగంతయు నేలలోనికి దిగిన వేరుబెరడులోనే దాగియుండును. ఐరోపావారి మంజిష్ఠ జాతి మొక్కయందువలెనే ఇందును అలిజరిన్ అను వర్ణద్రవ్యము కలదు.

ఆ ఎరుపును బట్టకెక్కించు విద్య చిత్తూరు సీమవారికి సమీపముననే ఉండెను. మామిడి బెరడునుండి పసుపు వర్ణమును తీయు శ్రీకాళహస్తి కలంకారీ పనివారు, ఎరుపునకు ఈ వేళ్ళను ఆశ్రయించుచుండిరి. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానిన బట్ట ఆరిన పిదప, ఎఱ్ఱనగుటకు తగిన తావులందు పటికనీటిని కలముతో దిద్దుదురు. బట్టను ప్రవాహజలమున జాడించి, వేళ్ళతో కలిపి కాగులో మరగింపగా, పటిక తాకినచోటనే ఎరుపు పట్టి నిలుచును. తక్కిన చోట నిలువక ఉతుకులో వదలిపోవును. రంగును పట్టి నిలుపునది పటికయే యను ఈ రహస్యమే ఆ చేతిపనికంతకును ప్రాణము.

1611లో మచిలీపట్టణమున ఆంగ్లేయులు వర్తకశాల నెలకొల్పిన నాటినుండి తీరపు చిత్రవస్త్రములు వారి ఓడలలోను సముద్రము దాటెను. వాని ఆదరణకు వెఱచి ఫ్రాన్సు 1686లో ఈ వస్త్రముల దిగుమతిని నిషేధించెను. 1742లో పుదుచ్చేరి ప్రాంతమున క్రైస్తవ గురువు కూర్దూ ఈ అద్దకపు క్రమమును లేఖారూపమున ఐరోపాకు తెలియజేసెను. 1795లో ప్రకటనము ఆరంభమైన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ గ్రంథమున చిరివేరు చిత్రసహితముగ వర్ణింపబడెను; సాగుచేసిన వేరుకంటె అడవివేరే శ్రేష్ఠమని ఆనాటి నిపుణుల అభిప్రాయము.

1868లో గ్రేబె, లీబెర్మన్ అను జర్మను రసాయనవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమముగ తయారుచేయగా, వేళ్ళు త్రవ్వి ఎండబెట్టి అమ్ముకొను పేదల జీవనము క్రమముగ క్షీణించెను. ఇరువదవ శతాబ్ది నడుమ కమలాదేవి చట్టోపాధ్యాయ వంటి వారి ప్రోత్సాహమున శ్రీకాళహస్తి కలంకారీ మరల చిగిర్చెను. ఆ కళాకారులలో జొన్నలగడ్డ గుర్రప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించెను. ఆ కళ నిలిచినదిగాని, దానికి ఒకనాడు ఎరుపునొసగిన వేరు నేడు మరుగుననున్నది. తెల్లని పూల ఈ మొక్కను నేలపై గుర్తించి, వేరును త్రవ్వి, రంగును కాచగల చేతులను కాపాడుకొనుటయు ఆ కళను కాపాడుకొనుటలో భాగమే.