ఎండాకాలం పొలం పనికి వెంట ఏమేం ఉండాలి? అనంతపురం రైతులకు సూచనలు

అనంతపురం వర్షచ్ఛాయ ప్రాంతం. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. అయినా చీనీ తోటలకు నీరు కట్టడం, మామిడి కోత, వేసవి దుక్కి, గట్ల మీద కంప కొట్టడం ఆగవు.

కోస్తాలో ఎండకు ఒళ్లంతా చెమటతో తడుస్తుంది. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టిన చెమట వెంటనే ఆరిపోతుంది. "చెమటే పట్టలేదు, ఏం కాదులే" అనుకుంటాం. కానీ ఒంట్లోని నీరు, ఉప్పు పోతూనే ఉంటాయి. అందుకే దాహం వేసేదాకా ఆగకుండా, ఇంటి దగ్గరే లెక్క చూసుకుని కావలసినవి సర్దుకోవాలి.

నీరు

• ఎండలో పని చేసేటప్పుడు ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు నీరు తాగాలి. గంటకు మూడు గ్లాసులు. ఉదయం 6 నుంచి 11 వరకు పని అంటే 15 గ్లాసులు, అంటే మూడు నుంచి నాలుగు లీటర్లు. కాబట్టి మనిషికి 5 లీటర్ల క్యాన్ ఒకటి తీసుకెళ్లండి.
• క్యాన్‌కు తడి గోనె సంచి చుట్టి నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. గాలి పొడిగా ఉండటం వల్ల నీరు బాగా చల్లబడుతుంది. మట్టి కూజా అయినా మంచిదే.
• జిల్లాలో చాలా గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పొలం బోరు నీటిని తల, టవల్ తడుపుకోవడానికి వాడండి. తాగే నీరు ఊరి నుంచే తెచ్చుకోండి.
• డ్రిప్ పైపుల నీరు తాగకూడదు. అందులో ఎరువు కలిసి ఉండవచ్చు. మందు డబ్బాలను ఎంత కడిగినా నీటికి వాడవద్దు.

ఉప్పు, తిండి

• ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, రాగి అంబలి, నిమ్మరసం ఎండకు మంచివి. ఖాళీ కడుపుతో పనికి దిగవద్దు.
• రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఎప్పుడూ వెంట ఉంచుకోండి. లీటరుకు అని రాసి ఉన్న ప్యాకెట్‌ను పూర్తిగా లీటరు నీటిలో కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తల కొట్టి కొలవాలి.
• బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పు, చక్కెర విషయం ముందుగా డాక్టరును అడగాలి.

బట్టలు, చెప్పులు

• లేత రంగు, వదులుగా ఉండే, పూర్తి చేతుల నూలు చొక్కా వేసుకోండి. ఆడవాళ్లు చీర మీద పాత నూలు చొక్కా వేసుకుంటే చేతులు కాలవు.
• తలపాగా లేదా వెడల్పు టోపీ తప్పనిసరి. ఇంకో టవల్ తడిపి మెడకు వేసుకోండి. ఆరగానే మళ్లీ తడపండి.
• కంప, తేళ్లు, పాముల వల్ల బూట్లు మంచివి. రాత్రి నీరు కట్టడానికి వెళితే టార్చిలైటు, చేతికర్ర ఉండాలి.

నీడ

వేప, కానుగ చెట్టు దగ్గరలో ఉంటే సరే. లేకపోతే పాత పట్ట, నాలుగు కర్రలు, తాడు తీసుకెళ్లి ముందు నీడ వేసుకోండి, తర్వాత పని మొదలుపెట్టండి. 11 నుంచి 4 గంటల వరకు బరువు పని ఆపండి. చాలా రోజుల తర్వాత ఎండలోకి వస్తున్నవారు మొదటి వారం తక్కువ సేపు పని చేసి, రోజురోజుకూ పెంచుకోవాలి. ఒంటరిగా వెళ్లాల్సి వస్తే ఏ పొలానికి వెళుతున్నారో, ఎప్పుడు వస్తారో ఇంట్లో చెప్పండి. ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకోండి.

వడదెబ్బ తగిలితే

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, కండరాలు పట్టేయడం మొదటి గుర్తులు. వెంటనే పని ఆపి నీడకు చేరి, ఓఆర్ఎస్ నీరు తాగాలి. మాట తడబడినా, తికమకపడినా, స్పృహ తప్పినా ప్రాణాపాయం. చెమట పడుతున్నా సరే, 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీరు పోసి, విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడి గుడ్డలు పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయవద్దు. జ్వరం మాత్ర వడదెబ్బకు పనిచేయదు.

కూలీలను పిలిచే రైతులకు

దేశమంతటికీ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. పని చోట తాగునీరు, పిల్లలకు నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని ఆ చట్టంలోనే రాశారు. మన పొలంలో పనిచేసే కూలీలకూ అవే ఏర్పాట్లు చేద్దాం. కూలీ అడగడానికి మొహమాటపడతారు. నీళ్ల క్యాన్ పని జరిగే సాలు పక్కనే పెట్టి, గంటకోసారి మీరే పిలిచి తాగించండి.