వల్లాదేరు – ఒక కొండలోయ పలుకు

స్విట్జర్లాండు దేశమునకు జాతీయభాషలు నాలుగు. జర్మను, ఫ్రెంచి, ఇటాలియను భాషల పేరులు మీరు వినియే యుందురు. నాలుగవది రొమాంషు. దేశమునకు తూర్పుకొసనున్న గ్రౌబుండెన్ సీమలో, కొండల నడుమ లోయలలో దీనిని మాటలాడుదురు. పూర్వము రోమను ప్రభుత్వముతో వచ్చిన లాటిను జనవాక్కే దీనికి తల్లి.

అయితే రొమాంషు అనునది ఒక్క రూపమున లేదు. వ్రాతకెక్కిన మాండలికములే అయిదు. ఇన్ నది పారు ఎంగడీను లోయలో ఎగువవారిది పుతేరు, దిగువవారిది వల్లాదేరు. లోయ యను మాటనుండియే వల్లాదేరునకు ఆ పేరు గలిగినది. గుప్పెడు గ్రామముల పలుకునకు గ్రంథస్థమగు భాగ్య మెట్లబ్బినది?

1537వ సంవత్సరాంతమున సూష్ గ్రామమున నొక వివాదము పుట్టెను. దూరిచ్ చంపెల్ అనునాతడు ఊర లేని సమయమున ఆతని భార్య ఆడుబిడ్డను గనెను. శిశువు బ్రదుకదని తోచి, తాతయే స్వయముగా జ్ఞానస్నాన మిచ్చెను. పురోహితుడు కానివాడు ఈ కర్మ చేయవచ్చునా యని ఊరెల్ల అట్టుడికినట్లుడికెను. పాతమతమువారును సంస్కరణవాదులును కూడి దినములతరబడి వాదించిరి. జనులకు దెలియవలెనని ఆ వాదమును లాటినున గాక రొమాంషుననే నడపిరి. పొలము పనులకును సంతబేరములకును దప్ప కొరగాదనుకొన్న పలుకు శాస్త్రచర్చను మోయగలిగెను! ఈ కథను మనకు జెప్పినవాడు ఆ బిడ్డ తండ్రియే. ఆతడు పిమ్మట బోధకుడై, చరిత్రకారుడై, 1562లో కీర్తనల పుస్తకమును వల్లాదేరున అచ్చువేయించెను. అంతకు రెండేండ్లు ముందుగా, 1560లో, బిఫ్రున్ పుతేరున క్రొత్తనిబంధనను వెలువరించి యుండెను. 1679 నాటికి స్కువోల్ గ్రామముననే సమగ్రమగు బైబిలు వల్లాదేరున ముద్రితమయ్యెను. గ్రామమున ముద్రణాలయము! మహానగరములే గర్వింపదగిన సంగతి.

లోయలో జీవనము కఠినము. పలువురు వెనీసు మున్నగు నగరములకు బోయి మిఠాయి దుకాణములు పెట్టుకొనిరి. వేసవికి ఇల్లు చేరు వీరిని ఊరివారు వానకోవెలలని పిలిచిరి. సెంట్ గ్రామపు కుటుంబమువాడగు పైదర్ లాన్సెల్ కవి అట్టివారి సంతతియే. ఈతడు 1863లో ఇటలీలోని పీసాలో జన్మించెను. రొమాంషు ఇటాలియనునకు శాఖ మాత్రమేనని ఇటలీలో కొందరు వాదించగా, ఇటలీతో అంత సంబంధముగల ఈతడే ఎదురు నిలిచెను. 1938 ఫిబ్రవరి 20న ప్రజాభిప్రాయసేకరణమున, ఓటువేసినవారిలో నూటికి 91 మందికి పైగా రొమాంషును జాతీయభాషగా నంగీకరించిరి.

అన్ని లోయలకును ఒక్క వ్రాతభాష యుండవలెనని 1982లో హైన్రిష్ ష్మిడ్ పండితుడు 'రుమాంచ్ గ్రిషున్' అను రూపమును గూర్చెను. కచేరీ కాగితములకు అది సుకరమే; బడికి వచ్చుసరికి చిక్కు వచ్చినది. పొరుగుననున్న మ్యూష్టైర్ లోయవారు దానిని పాఠశాలలలో ప్రవేశపెట్టి, 2012లో ఓటువేసి మరల వల్లాదేరునకే మరలిరి. విచిత్రమేమనగా, ఇంట వారు మాటలాడునది అచ్చముగా వల్లాదేరును గాదు. 'నేను' అనుటకు వల్లాదేరున 'ఎవ్' అని వ్రాయగా, వారు 'యావ్' అందురు. అందుచేతనే ఇరుగుపొరుగువారు వారిని 'యావర్'లనిరి. ఆ పిల్లలు నేటికిని ఇంట 'యావ్' అని, పలకమీద 'ఎవ్' అని వ్రాయుచున్నారు.