సెకండ్ హ్యాండ్ కారు కొన్న వారానికే మొరాయిస్తోందా? వెంటనే రిపేర్‌కు ఇవ్వొద్దు.. ముందు ఈ పని చేయండి

రూ.4 లక్షలు పోసి సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. టెస్ట్ డ్రైవ్‌లో అంతా ఓకే. పది రోజులు తిరక్కముందే గేర్లు పడటం లేదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే ‘‘ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదండీ’’ అంటున్నారు. మరి డబ్బులు పోయినట్టేనా? అవసరం లేదు. పాత కారు కొన్నవాళ్లకూ చట్టంలో దారులున్నాయి. ఏ దారిలో వెళ్లాలన్నది మాత్రం రెండు విషయాలను బట్టి ఉంటుంది. కారు ఎవరు అమ్మారు? అమ్మేటప్పుడు ఏం చెప్పారు?

ముందు ఆధారాలు.. ఆ తర్వాతే రిపేర్

చాలామంది చేసే పొరపాటు ఇదే. కంగారులో పార్టు మార్పించేస్తారు. ఆ తర్వాత లోపం ఉండేదని చూపించడానికి చేతిలో ఏమీ మిగలదు. అందుకే ముందు ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయించి, లోపం ఏంటో, అది ఎప్పటి నుంచి ఉండొచ్చో రాతపూర్వకంగా తీసుకోవాలి. పాత సర్వీస్ రికార్డులు కూడా అడగాలి. రికార్డులో 90 వేల కిలోమీటర్లు ఉండి, మీటర్‌లో 50 వేలే కనిపిస్తే అదే పెద్ద ఆధారం. అమ్మకం యాడ్ స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ చాట్, పేమెంట్ రసీదు, అగ్రిమెంట్ భద్రంగా ఉంచుకోవాలి. రిపేర్ తప్పదంటే అమ్మినవాళ్లకు ముందే మెసేజ్ పెట్టి, మార్చిన పార్టును దాచాలి.

డీలర్ దగ్గర కొంటే..

ముందుగా వారంటీ, రిటర్న్ గడువు చూసుకోవాలి. కొన్ని కంపెనీలు కొద్ది రోజులే టైమ్ ఇస్తాయి. ఆలోపే మెయిల్ పెట్టాలి. స్పందన లేకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వీళ్లు డీలర్‌తో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు, కానీ ఆర్డర్ ఇచ్చే అధికారం ఉండదు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే ఊళ్లోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. కారుకు చెల్లించింది రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లోపం రుజువైతే రిపేర్, డబ్బు వాపసు, నష్టపరిహారంలో ఏదైనా ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. మామూలు కేసు 3 నెలల్లో, టెక్నికల్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంకా ఆలస్యం కావొచ్చు.

తెలిసినవాళ్ల దగ్గర కొంటే..

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సొంత కారు అమ్ముకున్న మామూలు వ్యక్తి వ్యాపారి కాదు. కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలబడటం కష్టం. లీగల్ నోటీస్ ఇచ్చి సివిల్ కోర్టుకు వెళ్లాలి. లేదంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించొచ్చు. యాక్సిడెంట్ అయిన కారును కాలేదని, మీటర్ తిప్పి తక్కువ తిరిగిందని నమ్మించి అమ్మితే మాత్రం అది మోసం. పోలీసులకూ ఫిర్యాదు చేయొచ్చు.

అన్ని లోపాలకూ డబ్బులు రావు

అరిగిన టైర్లు, వీకైన బ్యాటరీ లాంటివి పాత కారులో మామూలే. కొనేముందు చూసుకుంటే కనిపించే లోపాలపై తర్వాత గొడవ పడినా ఫలితం ఉండకపోవచ్చు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కూడా ఇదే చెబుతుంది. ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను’ అనే కాగితంపై సంతకం పెట్టి ఉంటే కేసు ఇంకాస్త బలహీనపడుతుంది. అయితే అబద్ధం చెప్పి అమ్మినవాళ్లకు ఆ కాగితం పూర్తి రక్షణ కాదు.

ఒక్క మెసేజ్ చాలు

నోరు విప్పి చెప్పకపోవడం ప్రతిసారీ మోసం కిందకు రాదు. అడిగినప్పుడు అబద్ధం చెప్పడం వేరు. అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందే వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు పంపండి. యాక్సిడెంట్ అయ్యిందా? నీళ్లలో మునిగిందా? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? జవాబు వచ్చాకే డబ్బులు ఇవ్వండి. రేపు కారు ఆగిపోతే మీ తరఫున మాట్లాడేది ఆ మెసేజే.