మావు ఎత్తితే మూడు నీళ్ళ చేప

కార్తీకం రెండో వారం. తెల్లవారడానికి ఇంకో గంటుంది. కైకలూరు దాటి ఒక లంక గ్రామం గట్టు మీద ఆటో దిగేసరికి మంచుకు మీ చొక్కా భుజాల దగ్గర తడిసిపోయింది. రేవులో ఇనప రేకు పడవ. పక్కన పాత తాటి దోనె ఒకటి బోర్లించి ఉంది. ఇప్పుడు దాని మీద కోళ్ళు పడుకుంటున్నాయి.

"చెప్పులు గట్టున ఇడిసేయండి బాబూ. నడిమిన కూకోండి. లెగకండి, అంతే" అంటాడు పడవ ఆసామి. వెనకన ఆయన భార్య గెడ అందుకుంటుంది. మోటారు లేదు. కొల్లేరు పేరుకు మహా సరస్సే గానీ చాలాచోట్ల నిలువెత్తు లోతు కూడా ఉండదు. గెడ ప్రతిసారీ బురదలో దిగబడి, చప్పుడు చేస్తూ ఊడి వస్తుంది. దాంతోపాటే కుళ్ళిన నాచు వాసన లేస్తుంది. ముక్కు మూసుకోకండి, కాసేపటికి అలవాటైపోతుంది.

రెండు పక్కలా కిక్కిస గడ్డి గోడలా నిలబడింది. దాని మధ్య పడవ పట్టేంత సందు. గుర్రపుడెక్క అడ్డం వచ్చినప్పుడల్లా ఆసామి వంగి, చేతుల్తో లాగి పక్కకు నెడతాడు. పనికిమాలిన మొక్క అని మీరనుకునేలోపు, దాని వేళ్ళలోంచి వేలెడు పరిగ ఒకటి ఎగిరి మీ ఒళ్ళో పడుతుంది.

వానాకాలమంతా బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు తెచ్చి పోసిన నీరు ఇప్పుడు తీస్తోంది. అది సముద్రానికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. దాదాపు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ బంగాళాఖాతంలో కలుస్తుంది. నీరు కదిలితే చేప కదులుతుంది. వేటకు అదను వరద ముంచెత్తినప్పుడు కాదు, ఇదిగో, ఇలా మెల్లగా తీసేటప్పుడే. పైకి నిశ్చలంగా కనిపిస్తుంది గానీ, చెయ్యి ముంచి చూడండి. వేళ్ళ సందుల్లోంచి నీరు దక్షిణానికి జారుతోంది.

తూర్పున ఎరుపు తేలేసరికి మొదటి మావు దగ్గరికొచ్చారు. వెదురు పుల్లలతో అల్లిన పెట్టె అది. వాకిట్లో పుల్లలు లోపలికి వంగి ఉంటాయి, దూరిన చేపకు తిరిగొచ్చే దారి దొరకదు. దాని నెత్తి బెత్తెడు నీటి పైకి ఉంది. పాతడం సరిగా రాలేదేమో అనిపిస్తుంది మీకు. కావాలనే అలా పాతాడు. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక నీటిపైకొచ్చి గాలి పీల్చుకునే జాతులు. మావును పూర్తిగా ముంచేస్తే రాత్రికి రాత్రే లోపల ఊపిరాడక చస్తాయి. చచ్చిన కొర్రమీనుకు బతికున్నదాని ధర రాదు.

"ఇటు తిప్పే" అంటాడాయన.

"తిప్పుతున్నా మావా, నువ్వు ముందు పట్టు జారనీకు" అంటుందామె.

మావు పడవ అంచుకెక్కి, ఒక్కసారి బోర్లింది. మీ కాళ్ళ దగ్గర రాత్రంతా పోగైన సరుకు గిలగిల్లాడుతోంది. జెల్లలు మీసాలాడిస్తూ గుర్రుమంటున్నాయి. మట్టగిడసలు, రెండు బొమ్మిడాయిలు, కొన్ని చేదుపరిగలు. గొరక ఒకటి మొప్పల మీది ముళ్ళను చెక్కకు ఆనించి, తోకతో తన్నుకుంటూ మీ పాదం వైపు నడిచొస్తోంది. అవును, నడకే. చూస్తూ కూర్చోకుండా కాలు తీయండి.

నల్లగా, జానెడు పొడవున మెలికలు తిరుగుతున్న ఆ చేపను మాత్రం ముట్టుకోకండి. ఇంగిలాయి. రొమ్ము రెక్కల దగ్గర చెరో ముల్లు, ముల్లులో విషం. గుచ్చుకుంటే చెయ్యంతా గంటల తరబడి సలుపు. ఆమె మాత్రం చూపుడు వేలు ఒక ముల్లు వెనక, మధ్య వేలు రెండో ముల్లు వెనక దోపి, తలను అరచేతికి ఆనించి ఎత్తుతుంది. కళ్ళు పడవ మీద లేవు, తర్వాతి మావు మీదున్నాయి.

వేరేచోట కలగూరగంప అనిపించే ఈ పోగు, ఇక్కడ చదవగలిగినవాడికి ఏ చేప ఏ నీటిదో చెప్పే చిట్టా పద్దు. జెల్ల, మార్పు కొల్లేటి సొంత బిడ్డలు. గుర్రపుడెక్క కింద ప్రాణవాయువు తగ్గిన నీటిలోనూ బతకగలవు. మూడో మావులో బలిసిన శీలావతి పడింది. అది చెరువులో మేత తిన్న ఒళ్ళు. ఏ గట్టో తెగి ఇటొచ్చింది. రూప్‌చంద్ కూడా అంతే, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువుల్లో చేరిన చేప. 2006లో కొల్లేటి అయిదో కాంటూరు (సరస్సు హద్దు చెప్పే ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం యంత్రాలు పెట్టి పగలగొట్టించింది. చెరువుల గొడవ మాత్రం తీరలేదు. పైనుంచి వరదొస్తే గట్లు తెగేదీ ఇక్కడే: 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీళ్ళు చివరికి చేరిందీ ఈ సరస్సుకే.

ఉప్పుటేటి వైపు పెట్టిన ఆఖరి మావులో పండుగప్ప. వెండిరంగు, ఎర్రగా మెరిసే కన్ను. సముద్రం దగ్గర పుట్టి, చిన్నప్పుడే మంచినీటికి ఎక్కొచ్చి పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఉప్పునీటికి దిగిపోయే జాతి. ఆసామి మొహం మొదటిసారి విప్పారింది. దాని కిందే ఒళ్ళంతా గరుకు పెంకులున్న దెయ్యం చేప. ఇది కూడా దక్షిణ అమెరికాదే, వలలు చింపడానికే పుట్టినట్టుంటుంది. తిట్టి పక్కన పారేశాడు, నీళ్ళలోకి మాత్రం వదల్లేదు.

పొద్దెక్కింది. గూడబాతుల గుంపు ఒకటి తల మీదుగా ఆటపాక వైపు పోతోంది. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. పక్షి ముందు, మనిషి తర్వాత. ఆ మాటంటే ఆసామి నవ్వి ఊరుకుంటాడు. మావుల వేట తాతల నాటి నుంచి ఉంది, పక్షులూ అప్పటి నుంచీ ఉన్నాయి. నాకైతే ఆయన నవ్వులోనే న్యాయముందనిపిస్తుంది. ఈ నీటిని చెడగొట్టింది వెదురు బుట్టలు కావు.

గట్టున బేరగాడు కాటాతో సిద్ధం. బతికున్నవి నీళ్ళ డ్రమ్ములోకి, పండుగప్ప ఐసు పెట్టెలోకి, పరిగలు ఎండబెట్టడానికి చాప మీదికి. కొర్రమీనును చెవి దగ్గర పట్టి తూకానికి ఎత్తుతూ, "కార్తీకం కదమ్మా, ఊళ్ళో సగం మంది ముట్టటం లేదు. పోయిన నెల రేటు రాదు" అన్నాడు.

ఆమె కొర్రమీనును అతని చేతిలోంచి తీసుకుని మళ్ళీ డ్రమ్ములో వేసింది. "కార్తీకం పోయేదాకా ఇందులోనే బతుకుద్ది. నీకు తొందరైతే జెల్లలు తూకం వెయ్యి."

అతను జెల్లలు తూకం వేశాడు. ఆమె బొమ్మిడాయిలు రెండూ గిన్నెలో వేసి, పైన మూత పెట్టి, ఇంటివైపు నడిచింది.