ఇంటీరియర్ డిజైన్‌లో భావపదం

గదికి నక్షా గీయకముందే అది ఎలా ఉండాలో ఒకటి రెండు మాటల్లో తేల్చుకొని, కొలతలు, వెలుతురు, గోడల పూత, సామాను అన్నీ ఆ మాటను బట్టి ఎంచుకునే పద్ధతి ఇది. ఆ మాటే భావపదం; డిజైనర్లు దాన్ని ‘కాన్సెప్ట్’ అంటారు. దాని వల్ల ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చినప్పుడే అది నిజంగా పనిచేసినట్టు.

కట్టడానికి దృఢత్వం, ఉపయోగం, అందం కావాలని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ క్రీ.పూ. 1వ శతాబ్దంలోనే రాశాడు. అయితే అవి ప్రతి కట్టడానికీ వర్తించే పరీక్షలు. ఒక గదికి సొంత గుణం ఇచ్చిన మాటకు గొప్ప ఉదాహరణ జపాన్ తేనీటి గది. 15వ శతాబ్దంలో తేనీటి గురువు మురాతా జుకో, తరువాత తాకెనో జోఓ తేనీటి సమావేశాలను ఖరీదైన చైనా పాత్రల ప్రదర్శన నుంచి ‘వాబి’ వైపు, అంటే నిరాడంబరతలోని నిండుదనం వైపు మళ్లించారు. తేనీటి గురువు సెన్ నో రిక్యూ (1522–1591) ఆ మాటను గోడల దాకా తీసుకెళ్లాడు. క్యోటో సమీపంలోని యమజాకిలో 1582 ప్రాంతంలో కట్టిన తాయాన్ గది ఆయన పనిగా ప్రసిద్ధం. లోపల పరిచింది రెండే తతామీ చాపలు. గడ్డి కలిపిన మట్టి గోడలు, వెదురు, కొద్దిపాటి వెలుతురు. ఎంతటి యోధుడైనా తల వంచి, మోకాళ్ల మీద జరుగుతూ లోనికి రావాలి. వాకిలి అంత చిన్నది. వినయం అక్కడ నీతివాక్యంగా కాక కొలతగా ఉంది. రిక్యూ కొలువు చేసిన పాలకుడు తొయొతోమి హిదెయోషి మాత్రం 1586లో బంగారపు తేనీటి గదిని చక్రవర్తి ప్రాసాదంలో ప్రదర్శించాడు. వాబి ఏమి వద్దంటుందో ఈ రెండు గదులను పక్కపక్కన తలచుకుంటే తెలుస్తుంది.

అమెరికాలో ఈడిత్ వార్టన్, ఆగ్డెన్ కాడ్‌మన్ 1897లో వెలువరించిన ‘ది డెకరేషన్ ఆఫ్ హౌసెస్’ అలంకరణ కంటే అనుపాతానికి పెద్దపీట వేసింది. డిజైనర్ ఎల్సీ డి వుల్ఫ్ 1913 నాటి తన పుస్తకంలో ఔచిత్యం, సరళత, అనుపాతం అనే మూడు మాటలను పట్టుకుంది. 1907లో తెరిచిన న్యూయార్క్ కాలనీ క్లబ్‌లో ఆమె బరువైన తెరలకు బదులు లేత రంగులు, చింట్జ్ బట్ట వాడింది. ఆ చింట్జ్‌కు మూలం మచిలీపట్నం వంటి కోరమండల్ రేవుల నుంచి యూరప్‌కు వెళ్లిన అద్దకపు నూలుబట్టలే.

ఇల్లు నివసించడానికి ఒక యంత్రమని 1923లో వాస్తుశిల్పి లె కార్బుజియే ప్రకటించాడు. డిజైనర్ ఐలీన్ గ్రే దానితో ఏకీభవించలేదు. ఫ్రాన్స్ దక్షిణ తీరాన 1929లో పూర్తయిన తన ఇ-1027 ఇంట్లో మనిషి కూర్చునే, పడుకునే, చదువుకునే తీరును బట్టి సామాను రూపొందించింది.

మన దేశంలో ఈ పద్ధతికి మేటి నమూనా జైపూర్‌లోని జవహర్ కళా కేంద్రం. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా 1986లో దాన్ని ‘నవగ్రహాలు’ అనే భావన మీద తొమ్మిది చతురస్రాలుగా గీశాడు. ఒక్కోదాని భుజం 30 మీటర్లు. జైపూర్ నగర ప్రణాళికలోలాగే ఒక చతురస్రాన్ని పక్కకు జరిపాడు. జ్ఞానానికి అధిపతి అయిన గురుడి చతురస్రంలో గ్రంథాలయం వచ్చింది. సూర్యుడి స్థానమైన నడిమి చతురస్రానికి పైకప్పు వేయలేదు.