కాలికి వేసిన బంధం

మొన్న మా మనుమరాలు పోటీ పరీక్షకు చదువుకుంటూ "తాతా, ఇంపీడ్ అంటే ఏంది?" అని అడిగింది. ఆటంకపరచడం అన్నాను. "మరి అబ్‌స్ట్రక్ట్ అంటే?" అంది. దానికీ అదే జవాబు చెప్పాను. ముప్పై నాలుగేళ్ళు సర్కారు కొలువులో గుమాస్తాగా ఇంగ్లీషు డ్రాఫ్టులు రాసిన నాకు ఆ రెండింటి తేడా తెలియదని అప్పుడు తెలిసివచ్చింది. పాత డిక్షనరీ దుమ్ము దులిపాను.

ఇంపీడ్‌కు మూలం లాటిన్‌లోని ఇంపెడీరె. అందులో దాగి ఉన్నది పాదం. లాటిన్‌లో పెస్, పెడిస్ అంటారు. మన సంస్కృత పాద శబ్దానికి అది అక్కచెల్లెళ్ళ వరస. కాళ్ళకు బంధం వేయడం అన్నది అసలు అర్థం. ఇంగ్లీషులో ఈ క్రియ 1600 ప్రాంతం నాటికే ఉంది, షేక్‌స్పియర్ మాక్బెత్ నాటకంలో కనబడుతుంది. రోమన్ సైన్యం వెంట మోసుకుపోయే సామానును ఇంపెడిమెంటా అనేవారు. నడక సాగనివ్వని బరువన్నమాట. బదిలీ అయినప్పుడల్లా ట్రంకుపెట్టెలు, మంచాలు, రోలు లారీకెత్తిన మనవాళ్ళకు దీన్ని వేరే వివరించనక్కర లేదు.

అబ్‌స్ట్రక్ట్ సంగతి వేరు. అందులోని ధాతువుకు పేర్చడం, కట్టడం అని అర్థం. కన్‌స్ట్రక్షన్ కూడా దాని సంతానమే. దారికి ఎదురుగా పేర్చితే అబ్‌స్ట్రక్ట్. మన శ్రీరాంపూర్ మాటల్లో చెప్పాలంటే, బాయిలో పైకప్పు కూలి దారి మూసుకుపోతే అది అబ్‌స్ట్రక్షన్. దారి బాగానే ఉండి మనిషి కాలు కదలకపోతే ఇంపీడ్. తెలుగులో "ముందరి కాళ్ళకు బంధం" అంటాం. దొంగమేత మరిగిన పశువు మెడకు గుదిబండ కట్టడమూ మనకు తెలిసిందే.

ఎక్స్‌పెడైట్ అన్న మాటా ఈ పాదం నుంచే పుట్టిందట. బంధంలోంచి కాలు విడిపించడమని దాని అర్థం. "ప్లీజ్ ఎక్స్‌పెడైట్" అని మెమోల చివర ఎన్ని వందలసార్లు రాశానో! అది చదివాక పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

1984లో, భర్త పోయిన ఒకావిడ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరుకూ, అర్జీలోని పేరుకూ ఒక ఒత్తు తేడా. ఇద్దరూ ఒకరేనని నాకు తెలుసు. అయినా ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపాను. అది సరిచేసి తెస్తే పుట్టిన తేదీ రుజువు అడిగాను. అదీ తెస్తే ఇంకో సర్టిఫికెట్. మూడూ ఒకేసారి అడగవచ్చు, అడగలేదు. అడ్డు చెప్పింది ఎవరూ లేరు, రూల్సు ప్రకారమే నడిచిందని నన్ను నేను సమాధానపరచుకున్నాను. నాలుగు నెలలు ఆమె బస్సెక్కి వచ్చిపోయింది. ఆ నాలుగు నెలల్లోనే మా సిబ్బంది బకాయిల కోసం పై ఆఫీసుకు నేను మూడు రిమైండర్లు రాశాను. మూడింట్లోనూ ఎక్స్‌పెడైట్ ఉంది.

ఐదో నెలలో ఆమెకు పెన్షన్ అందింది. నన్నొక్క మాట అనలేదు, నమస్కారం పెట్టి వెళ్ళింది.

మనుమరాలికి రెండు మాటల తేడాతోపాటు ఇదీ చెప్పాను. ఆమె పుస్తకంలో హ్యాంపర్ అన్న మాట ఇంకా మిగిలి ఉంది. దాని పుట్టుక తెలిసిన మిత్రులు వచ్చే సంచికకు రాయగలరని మనవి.